ముద్ర ముందు, పని తర్వాత

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. "కంప్యూటర్ ఆపేసినా దానికి సమయం ఎలా గుర్తుంటుంది?" అని మొన్న సెలవుల్లో అడిగారు. బస్సు వేళ అయిపోయి సగమే చెప్పాను. మిగతాది ఇదిగో.

కంప్యూటర్ లోపలి బోర్డు మీద బొత్తాం అంత బ్యాటరీ, దాంతో నడిచే చిన్న గడియారం ఉంటాయి. అందులోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేసి చూడండి, ఒకటి మిగులుతుంది. సెకను అలా పుడుతుంది. కంప్యూటర్ లేవగానే కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన భాగం, ఆ గడియారాన్ని చూసి, ఆపైన తన లెక్క తాను నడుపుకుంటుంది. 1993లో వచ్చిన పెంటియమ్ నుంచి ప్రాసెసర్‌లోనే ఒక లెక్కింపు యంత్రం ఉంది. ఈనాటి ప్రాసెసర్లలో దాన్ని చదివితే నానోసెకన్లలో కాలం తెలుస్తుంది.

నాకు ఇంతకంటే ఇష్టమైన సంగతి వేరే ఉంది. మీరు మీట నొక్కినా, నెట్‌వర్క్ నుంచి సమాచారం వచ్చినా ప్రాసెసర్‌కు ఒక పిలుపు వెళ్తుంది. దాన్ని ఇంటరప్ట్ అంటారు. ప్రాసెసర్ చేతిలో పని ఆపి ఆ పిలుపు అందుకుంటుంది. అయితే అప్పుడే మధ్యలో ఆపకూడని పని ఏదైనా చేస్తుంటే పిలుపు ఆగాలి. అందుకున్నాక కూడా అత్యవసరమైన కొంచెం పని చేసి, మిగతాది వాయిదా వేస్తుంది. మరి ఆ సంఘటన ఏ క్షణంలో జరిగిందని రాసుకోవాలి?

ఈ కవరు మీద ముద్రలు చూడండి. మీరు రేపు తీరిగ్గా చదివినా, పోస్టాఫీసు ముద్ర మాత్రం ఉత్తరం అక్కడికి చేరిన రోజునే చూపిస్తుంది. కెర్నెల్ కూడా ఇంటరప్ట్ అందుకోగానే మొదట సమయం రాసుకోవాలి, తర్వాతే పని. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను వాయిదా పడిన భాగంలో సమయం రాసే ప్రోగ్రాం రాశాను. రెండు సెన్సర్ల వరస తారుమారైంది. ముందు జరిగింది వెనక్కి, వెనక జరిగింది ముందుకు! తప్పు పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. సమయం రాసే ఆ ఒక్క వాక్యాన్ని పిలుపు అందుకునే చోటికి జరపగానే అంతా సరిపోయింది.

సంఘటనకూ ముద్రకూ మధ్య ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే తీసివేసి సరిచేయవచ్చు. ఒకసారి మూడు మైక్రోసెకన్లు, ఇంకోసారి ముప్పై అయితే ఏమని తీసివేస్తాం? జీపీఎస్ రిసీవర్ సెకనుకొకసారి పంపే చిన్న విద్యుత్ సంకేతంతో గడియారాన్ని సరిదిద్దుకునేటప్పుడు ఈ ఎగుడుదిగుడులే అసలు శత్రువులు. స్ఫటికం పది లక్షల్లో 20 వంతులు తప్పినా రోజుకు దాదాపు 1.7 సెకన్లు తేడా వస్తుంది కాబట్టి దిద్దడం మానలేం. అందుకే కొన్ని నెట్‌వర్క్ కార్డులు ప్రాసెసర్ కోసం ఎదురుచూడకుండా గుమ్మంలోనే తామే ముద్ర వేస్తాయి.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్‌లో ప్రోక్ అనే డైరెక్టరీలో ఇంటరప్ట్స్ అనే ఫైలు ఉంటుంది. ఎక్కడి నుంచి ఎన్ని పిలుపులు వచ్చాయో అందులో లెక్క ఉంటుంది. వేసవికి వచ్చినప్పుడు నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపిస్తాను. ఒక అక్షరం మీట నొక్కండి, కీబోర్డు వరసలో అంకె పెరుగుతుంది. వేలు తీయండి, మళ్లీ పెరుగుతుంది.

మీ తాతయ్య