పాత బౌల్‌బ్యాక్ మాండొలిన్: ముందు తీగలు వేయకండి

"తీగలు లేవు, అంతేనండీ. కొత్త సెట్ వేస్తే పలుకుతుంది కదా?" పాత బౌల్‌బ్యాక్ మాండొలిన్ (వెనకభాగం కుండలా గుండ్రంగా ఉండేది) రిపేరుకు పట్టుకొచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది ఇదే. కొందరు అడగకుండా ఆ పని చేసేసి, మెడ లేచిపోయాక వస్తారు. అందుకే ఈ ఒక్క అపోహ గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

అపోహ: తీగలు వేసి శ్రుతి చేసి చూస్తేగానీ వాద్యం బాగుందో లేదో తెలియదు.

వాస్తవం: తీగలు లేకుండానే తెలుసుకోవాల్సింది దాదాపు అంతా తెలుస్తుంది. తెలుసుకోకుండా తీగలు బిగిస్తే, బాగున్న వాద్యం కూడా పాడవుతుంది. ఇప్పుడు మామూలుగా దొరికే మీడియం (మధ్యరకం మందం) సెట్లు అమెరికన్ కంపెనీ గిబ్సన్ తరహా మాండొలిన్ల కోసం చేసినవి. వాటి పైపలక మందంగా, కమానులా చెక్కి ఉంటుంది. 1920ల నుంచి వాటి మెడలో ట్రస్ రాడ్, అంటే మెడ వంగకుండా ఆపే లోహపు కడ్డీ కూడా వస్తోంది. 1900 ప్రాంతపు నేపుల్స్ (ఇటలీ) తరహా బౌల్‌బ్యాక్ వాద్యంలో ఇవేవీ ఉండవు. పైన రెండు మూడు మిల్లీమీటర్ల స్ప్రూస్ పలక, దాని కింద అడ్డంగా రెండో మూడో సన్నటి పట్టీలు, రాడ్ లేని మెడ. ఎనిమిది మీడియం తీగల్ని జి, డి, ఎ, ఇ స్వరాలకు బిగిస్తే మొత్తం లాగుడు 80 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. నూరేళ్లు దాటిన ఆ పట్టీల జిగురు అంత బరువుకు ఎంతకాలం ఆగుతుంది?

మోసం ఎక్కడంటే, మొదటిరోజు బ్రహ్మాండంగా పలుకుతుంది. నెలా రెండు నెలల్లో పన్నెండో మెట్టు దగ్గర తీగలు ఎత్తు పెరుగుతాయి, వేలు నొప్పెడుతుంది. "బ్రిడ్జి (తీగలు ఆనే చెక్క) కొంచెం అరగదీస్తే సరి" అని ఎవరో చెబుతారు. అరగదీస్తారు. మళ్లీ ఎత్తు పెరుగుతుంది, మళ్లీ అరగదీస్తారు. చివరికి బ్రిడ్జిలో చెక్క మిగలదు, లోపల మెడ మాత్రం లేస్తూనే ఉంటుంది. తీగల సెట్‌తో పోయే పని మెడ రీసెట్ దాకా, అంటే మెడ కోణాన్ని మళ్లీ సరిచేసేదాకా వస్తుంది. బౌల్‌బ్యాక్‌కి మెడ రీసెట్ చిన్న పని కాదు. ఒక్కోసారి మెట్ల పలక మొత్తం లేపి, కింద ఏటవాలు చెక్క పెట్టి, మెట్లు మళ్లీ వేయాల్సి వస్తుంది.

తీగలు వేసే ముందు ఇలా చూడండి. మెడను కంటికి ఎత్తుగా పట్టుకుని, చివరి నుంచి చూస్తే వంపు కనిపిస్తుంది. మెట్ల మీద పొడుగాటి స్టీలు స్కేలు పెట్టి, అది బ్రిడ్జి పైఅంచు దాకా వస్తోందో, బాగా కిందికి తగులుతోందో చూడండి. కిందికి తగిలితే మెడ లేచినట్టే. పైపలకను వేలి కణుపుతో అక్కడక్కడా మెల్లగా తట్టండి. పట్టీ ఊడిన చోట జిర్రుమంటుంది. సౌండ్‌హోల్లోంచి చిన్న అద్దం, లైటు పెట్టి పట్టీల అంచులు చూడండి. కుండ చెక్కల అతుకుల్లో పల్చటి కాగితం దూరుతోందా అన్నదీ చూడండి.

ఇవన్నీ బాగుంటే ఎక్స్‌ట్రా లైట్ సెట్ వేయండి. ఇ తీగ 0.009 అంగుళం, జి తీగ 0.032 దగ్గర ఉండేది. మొదట రెండు స్వరాలు తగ్గించి శ్రుతి చేసి, కొన్నాళ్లు వదిలేయండి. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు కొలిచి రాసిపెట్టుకోండి. ఎత్తు మారకపోతేనే పైకి వెళ్లండి. 18వ శతాబ్దపు వాద్యమైతే ఇదీ వద్దు. అప్పట్లో పై తీగలు పేగుతో చేసేవారు. స్టీలు తీగలకు తగ్గట్టు వాద్యాన్ని మార్చింది 19వ శతాబ్దంలో నేపుల్స్‌కు చెందిన పాస్క్వాలే విన్నాచ్చియా అని చెబుతారు.

తీగలు లేకుండా ఉంచితే పాడైపోతుందేమోనని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. ఏమీ కాదు. ఎన్నాళ్లయినా ఉంచండి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే చాలు.

అపోహ: బ్రిడ్జి వెనక పైపలక వంగి ఉంది, అంటే కూలిపోయింది.

వాస్తవం: ఆ వంపు తయారీలోనే వేడిచేసి వంచింది. బ్రిడ్జి దానికి కాస్త ముందు కూర్చుంటుంది. ఒకాయన తన తాతగారి మాండొలిన్ తెచ్చారు. ఆ వంపును చదును చేద్దామని వారాల తరబడి పైన బరువైన పుస్తకాలు పెట్టారట. పలక చదును కాలేదు గానీ, ఒక పట్టీ సగం ఊడింది. బల్ల మీద పెట్టేటప్పుడు ఆయన చేతులు వణికాయి, "నేనే చంపేశానా?" అన్నారు. లోపల చూస్తే చెక్క ఎక్కడా చీలలేదు, పాత జిగురు ఎండి పొడిలా రాలింది, అంతే. సౌండ్‌హోల్లోంచి వేడి సరేసు (జంతుచర్మంతో చేసే జిగురు) పంపి, చిన్న క్లాంపుతో పట్టించి, మర్నాటికి వదిలితే మళ్లీ గట్టిపడింది. ఇలాంటివాళ్లకు భయపెట్టే సలహాలిచ్చేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

అపోహ: ఇప్పటి జిగుర్లు గట్టివి, పాత సరేసు ఎందుకు?

వాస్తవం: సరేసును తడి, వేడి తగిలించి మళ్లీ ఊడదీయవచ్చు. తర్వాత బాగుచేసేవాడికి అది ప్రాణం. ఎపాక్సీ, సూపర్ గ్లూ చెక్కలోకి దిగితే తీయలేం, సరేసు అక్కడ మళ్లీ పట్టదు. తెల్ల జిగురు నిత్యం లాగుడు ఉన్నచోట మెల్లగా జారుతుంది.

బ్రిడ్జి ఊడిపోయిందంటారు. అది ఎప్పుడూ అతికించరు, తీగల నొక్కుడుతోనే నిలబడుతుంది. దయచేసి అతికించకండి.

గీకి వార్నిష్ వేస్తే ధర పెరుగుతుందంటారు. తగ్గుతుంది. పాత షెల్లాక్ (లక్క) పూతను మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేయండి.

లోపల నేపుల్స్ లేబుల్, పైన ముత్యపుచిప్ప సీతాకోకచిలుక ఉంటే కోట్ల వస్తువంటారు. 1900 ప్రాంతంలో ఇటలీలో చౌక వాద్యాలు కుప్పలుగా తయారయ్యాయి, సిసిలీలోని కాటానియాలో కూడా. సీతాకోకచిలుక వాటి మీదా ఉంటుంది. కలాచే, ఎంబెర్గర్ లాంటి పేరున్న తయారీదారుల లేబుల్ ఉన్నా, కాగితం ఎవరైనా అతికించవచ్చు. పనితనం చూసి చెప్పగల మనిషికి చూపించండి. పిక్‌గార్డ్ (పైపలక గీరుకోకుండా వేసే చిప్ప) నిజమైన తాబేటిచిప్పదైతే, దేశం దాటించేముందు సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి సంగతి తెలుసుకోండి. లేకపోతే కస్టమ్స్‌లో వాద్యమే పోవచ్చు.