బెంగళూరులో ఇల్లు కట్టేవాళ్ళకి: అపోహలు - వాస్తవాలు

నేను ఇక్కడ ఆర్కిటెక్ట్‌ని. మా దగ్గరికొచ్చే తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఐటీ ఉద్యోగాలకొచ్చి స్థిరపడ్డవాళ్ళే. 2050కల్లా ప్రపంచ జనాభాలో దాదాపు మూడింట రెండొంతులు పట్టణాలు, సిటీల్లోనే ఉంటారని 2018లో ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది, కాబట్టి మనం కట్టే ప్రతి ఇల్లూ లెక్కలోకొస్తుంది.

అపోహ: జనం పెరిగిపోయారు, అందుకే వానొస్తే ఊరు మునుగుతోంది.

వాస్తవం: నీరు పల్లమెరుగు అంటారు కదా, అదే జరుగుతోంది. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు, పైది నిండితే రాజకాలువ (చెరువుల్ని కలిపే పెద్ద వాననీటి కాలువ) గుండా కిందదానికి, బెళ్లందూరు చెరువు నిండితే వర్తూరు చెరువుకి, అక్కణ్నుంచి దక్షిణ పినాకిని నదికి పోవాలి. మధ్యలో కాలువని పూడ్చి లేఅవుట్ వేసేస్తే ఆ నీళ్ళు ఇళ్ళల్లోకి రాక ఎక్కడికి పోతాయండీ? 2022 సెప్టెంబర్లో కోట్ల విలువ చేసే విల్లాల్లోంచి కూడా జనాన్ని ట్రాక్టర్లెక్కించి తీసుకురావాల్సొచ్చింది. చెరువులే మాయమైన చోట్లూ ఉన్నాయి, మెజెస్టిక్ బస్టాండ్ ఉన్నచోట ఒకప్పుడు ధర్మాంబుధి చెరువుండేది. సైటుకి అడ్వాన్స్ ఇచ్చేముందు రెవెన్యూ వాళ్ళ విలేజ్ మ్యాప్ తెప్పించుకోండి, సైటు మీదుగా కాలువ గీత కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

అపోహ: హైరైజ్‌లు కడితేనే సిటీలో జనం పడతారు.

వాస్తవం: పారిస్‌లో ఎక్కువ బిల్డింగులు ఆరేడు అంతస్తులే, అయినా చదరపు కిలోమీటరుకి సుమారు 20 వేల మంది ఉంటారు.

అపోహ: ముందంతా గ్లాస్ పెడితేనే మోడర్న్ లుక్.

వాస్తవం: బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి కాస్త చల్లగానే ఉంటుంది, ఎదురెదురు కిటికీలు, వాటిపైన రెండడుగుల సజ్జా ఉంటే చాలా నెలలు ఫ్యాన్‌తో గడిచిపోతుంది. పడమటి వైపు గ్లాస్ పెట్టారా, ఏప్రిల్లో సాయంత్రం ఆ రూములో కూర్చోలేరు.

అపోహ: బోరుంది, కావేరి కనెక్షనుంది, ఇంక వాననీళ్ళ గొడవెందుకు.

వాస్తవం: కావేరి నీళ్ళు దాదాపు 100 కిలోమీటర్ల అవతల నుంచి ఎత్తిపోసి తెస్తున్నారు, బోర్లేమో 2024 వేసవిలో ఎన్ని ఎండిపోయాయో ఇక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు, ఆ లెక్కన 1000 చదరపు అడుగుల స్లాబ్ మీద ఏడాదికి 80 వేల లీటర్ల పైనే పడుతుంది. స్లాబ్ మీది నీళ్ళని కిందికి దించే డౌన్‌పైపు నుంచి ఫిల్టర్‌కి, ఫిల్టర్ నుంచి సంపుకి, సంపు నిండాక మిగిలింది ఇంకుడు గుంతకి వెళ్ళేలా స్లాబ్ వేసేముందే డ్రాయింగ్‌లో పెట్టించండి, తర్వాత గోడలు పగలగొట్టడం నరకం. ఏటా మేలోపు ఫిల్టర్‌లో కంకర తీయించి కడిగించండి, మొదటి వాన మురికి నీళ్ళు బయటికి పోయేలా విడిగా వాల్వ్ కూడా పెట్టించండి.