“బాగా అరిచే లాయర్ కావాలండీ”

ఫ్యామిలీ కోర్టులో కేసులు చేసే నాకు కొత్త క్లయింట్ నోట తరచూ వినపడే మొదటి మాట ఇదే.

అపోహ: ఎంత ఘాటుగా రాస్తే కేసు అంత బలం.

వాస్తవం: 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం అక్కడ లాయర్‌ని పెట్టుకోవడం హక్కు కూడా కాదు, జడ్జి అనుమతి కావాలి (మామూలుగా ఇస్తారు లెండి). ముందు రాజీకి ప్రయత్నిస్తారు. ఆమధ్య ఒకాయన “మా ఆవిడ క్యారెక్టర్ మంచిది కాదని రాయండి సార్” అన్నారు. సాక్ష్యం ఏమిటంటే ఫోన్‌లో రెండు స్క్రీన్‌షాట్లు. “లంచ్ అయిందా?” అని ఆవిడ కొలీగ్ పెట్టిన మెసేజ్‌లు! రాయనన్నాను. రుజువు చేయలేని అలాంటి నింద భార్య పట్ల క్రూరత్వమే అవుతుందని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. మన పిటిషనే ఆవిడకు ఆయుధం. ఆయన ఫైలు తీసుకుని వెళ్లిపోయారు.

అపోహ: అయిదేళ్లు దాటితే బిడ్డ తండ్రికే.

వాస్తవం: అయిదేళ్లు నిండని పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతుంది. ఆరో ఏడు రాగానే తండ్రికి అప్పగించమని ఎక్కడా లేదు. కోర్టు చూసేది బిడ్డ మేలు. కాస్త ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ల ఇష్టం కూడా అడగొచ్చు. కస్టడీ కావాలని వచ్చినవాళ్లను నేను ముందు ఇవి అడుగుతాను: క్లాస్ టీచర్ పేరేంటి? పోయినసారి జ్వరం వస్తే రాత్రి మేలుకున్నది ఎవరు? టిఫిన్ బాక్స్ ఎవరు సర్దుతారు? చాలామంది తండ్రులు టీచర్ పేరు దగ్గరే నీళ్లు నములుతారు. రేపు కోర్టులో మిమ్మల్ని క్రాస్ ఎగ్జామిన్ చేసేటప్పుడు ఎదుటి లాయర్ అడిగేదీ ఇదే. “కస్టడీ గ్యారంటీ” అనే లాయర్ దగ్గర కాసేపు కూర్చోవడం కూడా దండగ.

అపోహ: అమెరికాలో విడాకులొచ్చాయి, ఇక ఇక్కడ పనేముంది?

వాస్తవం: 1975లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్లికి భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి విడాకుల డిక్రీ (తీర్పు) తెచ్చుకున్నాడు. అది ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. భార్య ఆ కోర్టు పరిధిని ఒప్పుకోలేదు, డిక్రీకి చూపిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. అందుకే అక్కడ కేసు వేసేముందే ఇక్కడి లాయర్‌నీ ఒక మాట అడగండి.

అపోహ: డబ్బుంటేనే లాయర్.

వాస్తవం: ఆదాయంతో పనిలేకుండా మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. ఫీజు ఎంతో, ఏ పనికో ముందే కాగితం మీద రాయించుకోండి. “వచ్చిన భరణంలో ఇంత శాతం” అనే బేరం లాయర్ల నియంత్రణ సంస్థ అయిన బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. పాత లాయర్ బాకీ ఉందని ఫైలు ఇవ్వట్లేదా? ఫీజు కోసం ఫైలు ఆపుకునే హక్కు లాయర్‌కి లేదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన బాకీ ఆయన వేరేగా వసూలు చేసుకోవాల్సిందే.