మత్తడి మీద ఎంత ఎత్తు నీరు?

2023 జులై 27 పొద్దున ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంటే ఎకరానికి 26 లక్షల లీటర్లు. అంతకు ముందు రాష్ట్ర రికార్డు వాజేడుది, 2013 జులై 19న 517.5. ఆ 27నే మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. జనాన్ని పడవల్లో, హెలికాప్టర్లలో బయటికి తీసుకురావాల్సి వచ్చింది. కొండాయిలో జంపన్నవాగు ప్రాణాలు తీసింది. లక్ష్మీదేవిపేట ఉన్న మండలంలోనే, పాలంపేటలో, ఎనిమిది వందల ఏళ్ల నాటి రామప్ప చెరువు ఉంది. దాని కట్ట తెగలేదు. మరి అందులో మూడో వంతు వానకే మా ఊరి కుంటకు గండి ఎట్లా పడిందని ఒక పాఠకుడు అడిగారు.

రోజు మొత్తం మీద ఎంత వాన పడిందన్నది ఇక్కడ సగం జవాబు కూడా కాదు. మత్తడి, అంటే చెరువు నిండాక నీరు పొర్లిపోయే అలుగు మీద నీరు ఎంత ఎత్తున పోతోంది, కట్ట తల మునగడానికి ఇంకా ఎంత జాగా మిగిలింది? కట్ట ప్రాణం ఆ రెంటి మీదే ఉంటుంది.

మత్తడి లెక్క కష్టమేమీ కాదు, ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించొచ్చు. మన బడుల్లో ఎందుకో చేయించరు. 1.7ని మత్తడి పొడవుతో గుణించాలి. వచ్చినదాన్ని నీటి ఎత్తుతో గుణించి, మళ్లీ ఆ ఎత్తు వర్గమూలంతో గుణించాలి. కొలతలన్నీ మీటర్లలో ఉంటే జవాబు సెకనుకు ఇన్ని ఘనపు మీటర్లని వస్తుంది. కీలకమంతా ఆ వర్గమూలంలో ఉంది. ఎత్తు రెట్టింపైతే ప్రవాహం రెండింతలు కాదు, దాదాపు మూడింతలవుతుంది. ఎత్తు కొంచెం తగ్గినా అంతే, మత్తడి మోసే నీరు చాలా తగ్గిపోతుంది.

మత్తడి పొడవు 40 మీటర్లు, దాని పైనుంచి కట్ట తల వరకు మీటరున్నర అనుకుందాం. కట్ట మునగకుండా ఈ మత్తడి సెకనుకు 125 ఘనపు మీటర్లు, అంటే 4,400 క్యూసెక్కులు పంపగలదు. ఎగువన పది చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడి, అందులో అరవై శాతం పారి వచ్చిందంటే చెరువులోకి సెకనుకు 100 ఘనపు మీటర్లు దిగుతాయి. మత్తడి మీద 1.3 మీటర్ల ఎత్తున నీరు దుంకుతుంది. కట్ట ఇంకా జానెడు పైనే ఉంటుంది.

ఇప్పుడు యాసంగికి రెండు తడులు ఎక్కువ దక్కుతాయని ఎవరో మత్తడి మీద ఒక అడుగు ఎత్తున ఇసుక సంచులు పేర్చారనుకోండి. మీటరున్నర జాగా 1.2 మీటర్లయింది. మోయగలిగేది 89 ఘనపు మీటర్లకు పడిపోయింది. అదే వాన, అదే చెరువు, కానీ నీళ్లు కట్ట తల దాటాయి. చేపలు దిగువకు పోకుండా కట్టే వల, దానికి పట్టుకునే ముళ్లకంప, గుర్రపుడెక్క కూడా ఇదే పని చేస్తాయి. మత్తడి కింది వాగును చదును చేసి పొలంలో కలుపుకుంటే నీరు వెనక్కి తన్నుతుంది, అప్పుడు పై లెక్క అసలు పనిచేయదు.

రామప్ప సంగతి చెప్పాలంటే విస్తీర్ణం కూడా చూడాలి. చదరపు కిలోమీటరు పరుచుకున్న చెరువు ఒక మీటరు పెరగాలంటే పది లక్షల ఘనపు మీటర్లు కావాలి. సెకనుకు 100 వచ్చి పడుతున్నా రెండు గంటల ముప్పావు పడుతుంది, ఆలోగా వాన తెరిపివ్వొచ్చు. పాతికెకరాల కుంటకైతే పదిహేడు నిమిషాలు చాలు.

కట్ట మీదుగా నీరు పొర్లితే మట్టి కోత మొదలయ్యేది చెరువు వైపు కాదు, అవతలి వాలు మీద. అదీ అన్ని చోట్లా ఒకేసారి కాదు. బర్రెలు దిగే దారి, ట్రాక్టర్ గాడి, బతుకమ్మలకు చదును చేసిన చోటు, ఇట్లా నాలుగు వేళ్లు పల్లం ఉన్న జాగా వెతుక్కుంటుంది. మట్టి మెట్లుమెట్లుగా విరుగుతూ వెనక్కి, చెరువు వైపు జరుగుతుంది. ఆ కోత చెరువు వైపు అంచును చేరిందంటే ఇక ఆపలేం. 1958 ఆగస్టులో కడెం ఆనకట్ట మీదుగా పొర్లింది 46 సెంటీమీటర్ల నీరే. ఎడమ గట్టున 137 మీటర్ల గండి పడింది.

మత్తడి మట్టానికి పైనున్న కట్ట భాగానికి ఏళ్ల తరబడి నీరు తగలదు. రేగడి మట్టయితే ఎండలకు నిలువునా పగుళ్లిస్తుంది. పెద్ద వరద వచ్చిన రోజే ఆ భాగానికి మొదటి పరీక్ష. కట్టమైసమ్మకు కోపమొచ్చి చెరువు తెగిందనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. కోపం సంగతేమో గానీ, మైసమ్మ గుడికి పోయేవాళ్లు ఆ పగుళ్లను కూడా చూసొస్తే మేలు. ఒకప్పుడు నీరటి, అంటే చెరువు బాగోగులు చూసే ఊరి మనిషి, ఆ పనే చేసేవాడు.

వాన వెలిసిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2023లో వరంగల్ భద్రకాళి చెరువుకు పోతననగర్ వైపు గండి పడింది జులై 29న, వాన తగ్గుముఖం పట్టాక. నానిన కట్ట బలం తగ్గుతుంది, లోపల ఊట సాగుతూనే ఉంటుంది. తూము పక్కన, ఎలుక బొరియల వెంట, చచ్చిన తుమ్మచెట్టు వేరు చివికి మిగిలిన సందులో నీరు దారి చేసుకుంటుంది. కట్ట అడుగున తేట నీరు ఊరుతుంటే గమనిస్తూ ఉండొచ్చు. నీరు మట్టిరంగులోకి తిరిగిందంటే లోపల బుంగ పెరుగుతోందన్నట్టే. అప్పుడు బయటి రంధ్రాన్ని గుడ్డలతో, బంకమట్టితో బిగించకూడదు. నీరు పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. రంధ్రం చుట్టూ ఇసుక సంచులతో గుండ్రంగా బావి గోడలా రెండు మూడు అడుగులు లేపాలి. లోపల నీరు నిలిచే కొద్దీ ఎదురు ఒత్తిడి పెరిగి మట్టి రావడం ఆగుతుంది. ఊట తేటపడ్డాక గోడను అక్కడితో ఆపాలి, నీటిని పూర్తిగా ఆపే ప్రయత్నం వద్దు. సంచులు మూడింట రెండు వంతులే నింపాలి. నిండుగా కుక్కితే ఒకదాని మీద ఒకటి అతుక్కోవు, సందుల్లోంచి నీరు కారుతుంది.

కట్ట తలకు అడుగు దూరంలోకి నీరొస్తే సంచులు వేయాల్సింది కట్ట మీది పల్లాల్లో. మత్తడి మీదున్నవి, వలతో సహా, వెంటనే తీసేయాలి. కట్ట కోయక తప్పదంటే నడుమ లోతు దగ్గర కాదు, గట్టి నేల తగిలే చివరన, అదీ నీటిపారుదల ఇంజినీర్లు వచ్చి చూపిన చోటే.

మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే కింది చెరువు మీద పడేది వాన నీరు ఒక్కటే కాదు, పైదాంట్లో నిలిచిన నీరంతా నిమిషాల్లో వచ్చి పడుతుంది. ఏ మత్తడినీ ఆ లెక్కకు కట్టరు. వరద ముందు అంచు సెకనుకు రెండు మీటర్ల వేగంతో నడిచినా మూడు కిలోమీటర్ల దిగువనున్న ఊరికి పాతిక నిమిషాల్లో చేరుతుంది. అందుకే కట్ట దగ్గర ఎవరు సంచులు మోస్తున్నా, ఒక మనిషి మాత్రం ఫోన్ పట్టుకొని దిగువ ఊరి సర్పంచుకు చెప్పే పనిమీదే ఉండాలి, గండి పడ్డాక కాదు, ఊట నీరు రంగు మారినప్పుడే.