పెర్ఫార్మెన్స్ కౌంటర్లు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల పిల్లలు ప్రాజెక్టుల కోసం లైనక్స్‌లో పెర్ఫ్ (ప్రోగ్రామ్ పనితీరు కొలిచే టూల్) నడిపి, వచ్చిన అంకెలు నాకు పంపుతుంటారు. ప్రాసెసర్ లోపల జరిగే సంఘటనలను (ఈవెంట్లను) లెక్కపెట్టే చిన్న రిజిస్టర్లే పెర్ఫార్మెన్స్ కౌంటర్లు. వాటిలో పదే పదే కనిపించే అపోహలివి.

అపోహ: ఎన్ని ఈవెంట్లు అడిగినా ప్రాసెసర్ అన్నిటినీ ఒకేసారి లెక్కపెడుతుంది.

వాస్తవం: ఉన్న కౌంటర్లే కొన్ని. స్కైలేక్ తరం ఇంటెల్‌లో హైపర్‌థ్రెడింగ్ (ఒక కోర్ రెండు థ్రెడ్లను నడపడం) ఆన్‌లో ఉంటే ఒక్కో థ్రెడ్‌కు ఏ ఈవెంట్‌కైనా పెట్టుకోగల జనరల్ కౌంటర్లు 4, ఒక్కో ఈవెంట్‌కే కేటాయించిన ఫిక్స్‌డ్ కౌంటర్లు 3. అంతకు మించి అడిగితే, పెన్నా డెల్టాలో కాలవ నీళ్లకు వంతులు పెట్టినట్టు, కెర్నెల్ (లైనక్స్ మూల భాగం) ఈవెంట్లకు వంతులు పెడుతుంది. వంతు లేనప్పుడు ఏం జరిగిందో ఆ ఈవెంట్‌కు తెలియదు. ఆ లోటును పెర్ఫ్ సమయం నిష్పత్తిలో పెంచి పూడుస్తుంది. అంటే మీరు చూసేది అంచనా. వరస చివర బ్రాకెట్లలో ఉండే శాతం, కౌంటర్ ఎంతసేపు దక్కిందో చెబుతుంది. "అన్నా, క్యాష్ మిస్సులు (కావలసిన డేటా క్యాష్‌లో దొరకని సందర్భాలు) రన్ రన్‌కీ మారిపోతున్నాయి" అని ఒకబ్బాయి పంపిన అవుట్‌పుట్‌లో ఆ శాతం 33 దగ్గరుంది. ప్రోగ్రామ్ కొద్ది మిల్లీసెకన్లలో అయిపోయేదైతే అలాంటి అంకెను నేను అసలు నమ్మను.

అపోహ: మెషీన్‌లో నేనొక్కడినే ఉన్నాను, కౌంటర్లన్నీ నావే.

వాస్తవం: కెర్నెల్‌కూ అవి కావాలి. సీపీయూ ఇంటరప్ట్‌లు కూడా తీసుకోకుండా బిగుసుకుపోయిందా అని కనిపెట్టే ఎన్‌ఎంఐ వాచ్‌డాగ్, చాలా ఎక్స్86 మెషీన్లలో ప్రతి సీపీయూ మీదా ఒక కౌంటర్ పట్టుకుంటుంది. దాన్ని పిన్ చేస్తారు, అంటే ఆ కౌంటర్‌ను దానికే కట్టిపెడతారు, కాబట్టి వంతుల్లోకి రాదు. 2009లో 2.6.31 వెర్షన్‌తో పెర్ఫ్ కెర్నెల్‌లోకి వచ్చింది. అంతకుముందు ఓప్రొఫైల్ (పాత ప్రొఫైలింగ్ టూల్), వాచ్‌డాగ్ అవే రిజిస్టర్ల కోసం పోటీ పడేవి, ముందు రిజర్వ్ చేసుకున్నవాళ్లదే కౌంటర్. ఇప్పుడు వాచ్‌డాగ్ కూడా పెర్ఫ్‌నే అడిగి తీసుకుంటుంది. కేవీఎం గెస్ట్‌లకు (లైనక్స్ మీద నడిచే వర్చువల్ మెషీన్లకు) కౌంటర్లు అందేదీ మామూలుగా పెర్ఫ్ దారిలోనే. పెర్ఫ్‌కు తెలియకుండా ఎంఎస్‌ఆర్‌లలో (కౌంటర్లను నడిపే ప్రాసెసర్ రిజిస్టర్లలో) నేరుగా రాస్తే అందరి లెక్కలూ పాడవుతాయి.

కొలిచేంతసేపు వాచ్‌డాగ్ సెట్టింగ్‌ను 0 చేసి దాన్ని ఆపుకోవచ్చు. పని కాగానే 1 చేయండి. సర్వర్ మీద అలాగే వదిలేస్తే, రేపు అది హ్యాంగ్ అయినప్పుడు కారణం వెతకడానికి ట్రేస్ కూడా మిగలదు.

అపోహ: రెండు ఈవెంట్లను ఎలా కొలిచినా నిష్పత్తి సరిగ్గానే వస్తుంది.

వాస్తవం: రెండూ వేర్వేరు వంతుల్లో నడిస్తే రాదు. ఫ్లవర్ బ్రాకెట్లలో కలిపి గ్రూపుగా ఇవ్వండి, నడిస్తే అన్నీ కలిసే నడుస్తాయి. కౌంటర్లు చాలకపోతే 'నాట్ కౌంటెడ్' అని వస్తుంది. టెన్షన్ పడకుండా గ్రూపులోంచి ఒక ఈవెంట్ తీసేసి మళ్లీ నడపండి.