'ప్రచురణ' చెరిగి 'ప్రతులకు' మిగిలిన వైనం

హైదరాబాదులో డిసెంబరు పుస్తక ప్రదర్శనకూ విజయవాడలో జనవరి పుస్తక మహోత్సవానికీ అచ్చాఫీసులు రాత్రింబవళ్ళు పనిచేసే రోజుల్లో, తెలుగు సాహిత్యలోకంలో ఒక పాత తగాదా మళ్ళీ రాజుకోవడం ఆనవాయితీ అయింది. మొదటి పుస్తకం వేయించుకోవాలనుకునే రచయిత ప్రచురణకర్తకు ఎదురు డబ్బులివ్వాలా, లేక ప్రచురణకర్తే పెట్టుబడి పెట్టి రచయితకు రాయల్టీ (అమ్మిన ప్రతుల మీద వాటా) చెల్లించాలా అన్నదే ఆ తగాదా. తెలుగులో ఎప్పుడూ ఇంతేనని ఒక పక్షం, ఇది ప్రచురణ పేరుతో జరుగుతున్న వసూలు అని మరో పక్షం వాదించుకుంటున్నాయి. 'ఎప్పుడూ ఇంతే' అన్నమాట కవిత్వం విషయంలో చాలావరకు నిజమే కానీ, తక్కిన ప్రక్రియల విషయంలో నిజం కాదు. పద్ధతి తిరగబడిన కాలం ఒకటి ఉంది, అదీ మరీ పాతకాలమేమీ కాదు.

వావిళ్ల వారి నుంచి విజ్ఞాన చంద్రికా మండలి మీదుగా కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్ర గ్రంథమాల దాకా సాగిన తెలుగు ప్రచురణ సంస్థల తొలినాళ్ళ చరిత్ర పాఠకులకు తెలిసినదే కనుక ఇక్కడ దానిని వదిలేయవచ్చు. అందులో ఇప్పటి తగాదాకు పనికొచ్చే సంగతి ఒక్కటే. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి ముందుగా చందాదారులను కూడగట్టుకుని ఆ తర్వాత పుస్తకాలు వేసింది. కొనేవాళ్ళు ముందు, పుస్తకం తర్వాత అన్న ఈ సూత్రమే, ఎమెస్కో ప్రచురణ సంస్థ వారు పాకెట్ పుస్తకాలతో 'ఇంటింటా సొంత గ్రంథాలయం' పథకం నడిపినప్పుడూ పనిచేసింది. కొనుగోలుదారు ఖాయంగా ఉన్నంతకాలం ప్రచురణకర్త రచయిత జేబు వైపు చూడవలసిన అవసరం రాలేదు.

1960ల నుంచి 80ల దాకా సాగిన నవలా ప్రభంజనంలో కొత్త రచయిత తట్టిన తలుపు ప్రచురణకర్తది కాదు, పత్రికా సంపాదకుడిది. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికలు, జ్యోతి, యువ, స్వాతి వంటి మాసపత్రికలు ధారావాహికలకూ పోటీలకూ వేదికలు. రచన సొంతమేనని, అనువాదమో అనుకరణో కాదని, మరే పత్రిక పరిశీలనలోనూ లేదని హామీపత్రం జతచేసి, తిరుగుటపాకు స్టాంపులంటించిన కవరు పెట్టి పంపితే, కొన్ని నెలల తర్వాత ఏదో ఒక జవాబు వచ్చేది. సీరియల్‌గా వచ్చి పాఠకుల ఉత్తరాలు రాబట్టిన నవలను విజయవాడ ప్రచురణకర్తలు తామే అడిగి పుస్తకంగా వేసేవారు. ప్రచురణకర్తకు ఇందులో జూదం తక్కువ. ఊరూరా ఉన్న అద్దె పుస్తకాల షాపులు కొన్ని ప్రతులు తీసుకునేవి, గ్రంథాలయాలు మరికొన్ని తీసుకునేవి, పాఠకుల నాడి పత్రిక అప్పటికే చూసిపెట్టి ఉండేది. ఈ ఏర్పాటులో కొత్తవారికి అన్యాయాలు జరగలేదని కాదు. హక్కులు మొత్తంగా ఇంత సొమ్ముకు రాసిచ్చి, ఆ తర్వాత ఎన్ని ముద్రణలు వచ్చినా ఏమీ అందని వారున్నారు. అయితే ఆ సొమ్ము, తక్కువైనా ఎక్కువైనా, ప్రచురణకర్త చేతి నుంచి రచయిత చేతికే వచ్చేది.

కవులు ఈ ఏర్పాటుకు మొదటి నుంచీ బయటివారే. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కు చలం 1940లోనే ముందుమాట రాసిచ్చినా ఆ పుస్తకం 1950లో గానీ వెలువడలేదు. మిత్రుల చందాలతోనో, జీతంలో మిగుల్చుకున్న డబ్బుతోనో కవితా సంపుటి వేసుకోవడం ఆ తర్వాతి తరాలకు మామూలు సంగతి. 'ఎప్పుడూ ఇంతే' అనేవారు ఎత్తిచూపేది ఈ కవుల ఉదాహరణనే. నవలకూ కథాసంపుటికీ కూడా అదే గతి ఎందుకు పట్టిందన్నది ఆ ఉదాహరణ చెప్పదు.

మామూలుగా చెప్పే కారణం టీవీ. 1977లో హైదరాబాదు దూరదర్శన్, 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక సీరియల్ చదివే ఇల్లాలు సీరియల్ చూడడం మొదలుపెట్టిందని, అద్దె షాపులు మూతపడ్డాయని, వారపత్రికలు చిక్కిపోయాయని అంటారు. ఇదంతా జరిగినదే. 1978లో మొదలై నెలకో నవలను పాఠకులకు అందించిన చతుర, దాని తోడు విపుల కూడా కోవిడ్ రోజుల్లో అచ్చు ఆపేశాయి. కానీ పాఠకులు తగ్గితే తక్కువ పుస్తకాలు రావాలి, ప్రచురణకర్తలు మరింత ఆచితూచి ఎంచుకోవాలి. ఇక్కడ జరిగింది అది కాదు. పుస్తకాలు వస్తూనే ఉన్నాయి, ఎంచుకునేవారు తగ్గారు, పెట్టుబడి మాత్రం రచయిత మీదికి మారింది. ఈ మార్పుకు మూలం అచ్చు పద్ధతిలోనూ అమ్మకపు పద్ధతిలోనూ దాదాపు ఒకేసారి వచ్చిన మార్పులో ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సీసపు అక్షరాల కాలంలో పుస్తకం వేయడం ఒంటరి మనిషి చేయగల పని కాదు. అక్షరాలు పేర్చే కంపోజిటరు ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) కూర్చి, ప్రూఫు తీసి, దిద్దించి, అచ్చు వేశాక ఆ టైపు విప్పి మళ్ళీ గళ్ళలో సర్దుకుని తర్వాతి ఫారానికి వెళ్ళేవాడు. పదహారు పేజీల ఫారాలు పదిహేనో ఇరవయ్యో పూర్తయ్యేసరికి నెలలు గడిచేవి. ప్రెస్సులో పరపతి, కాగితం వ్యాపారి దగ్గర అరువు, ప్రూఫులు దిద్దే పండితుడు, బైండింగు చేసేవాడు, కట్టలు దాచే గిడ్డంగి ఉన్న ప్రచురణకర్తకే అది సాధ్యం. 1980ల చివర, 90ల మొదట డీటీపీ (కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే పద్ధతి), ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక ఈ దొంతర అంతా ఒక్కసారిగా అవసరం లేకుండా పోయింది. వీధి చివర డీటీపీ సెంటరులో పేజీకి ఇంత అని ఇచ్చి టైపు చేయించుకుని, చిత్రకారుడైన మిత్రుడితో ముఖచిత్రం వేయించుకుని, ఇద్దరు పెద్దల ముందుమాటలతో రచయిత తన పుస్తకం తానే తెచ్చుకోగలిగాడు. (ఆనాటి డీటీపీ లిపుల పీడ నేటికీ వదలలేదు. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలోనూ ఇంటర్నెట్‌లోనూ వాడే అక్షర పద్ధతిలో, రాసిన కథను అచ్చు కోసం ఆ డీటీపీ లిపులైన అను ఫాంట్లలోకి మార్చినప్పుడు చెదిరే ఒత్తులను కూర్చుని దిద్దుకునేది ఇప్పటికీ రచయితే.)

అతనికి చేతకానిది అమ్మకం ఒక్కటే. అందుకోసం విశాలాంధ్ర, ప్రజాశక్తి, కాచిగూడ నవోదయ వంటి విక్రయశాలలకు పుస్తకాల కట్టలు మోసుకెళ్ళాడు. ధరలో 40 శాతం దాకా కమీషను, అమ్ముడైన తర్వాతే డబ్బు అన్నవి మామూలు షరతులు. విక్రేతలను ఇందులో తప్పుపట్టడానికి లేదు. అద్దెలు కట్టి, సిబ్బందిని పెట్టి, జిల్లాలకు పుస్తకాలు చేరవేసినది వారే. కానీ తెలుగులో పెద్ద విక్రేతలే పెద్ద ప్రచురణకర్తలు కూడా. సొంత పెట్టుబడితో కొత్త రచయిత పుస్తకం వేసి, అది కదలకపోతే గిడ్డంగిలో మూలగబెట్టుకోవడం ఒక దారి. అదే రచయిత సొంత ఖర్చుతో అచ్చు వేయించి తెచ్చిన పుస్తకాన్ని ఒక్క రూపాయి పెట్టకుండా బల్ల మీద పెట్టి, అమ్మిన మేరకు కమీషను తీసుకోవడం ఇంకో దారి. ఏ వ్యాపారి ఏ దారిన నడుస్తాడో చెప్పనక్కరలేదు.

ప్రచురణ వివరాలుండే పుస్తకం రెండో పేజీలో ఈ మార్పు అక్షరాలా కనిపిస్తుంది. 'ప్రచురణ' అన్నచోట రచయిత ఇంటి పేరో, పిల్లల పేర్లు కలిపి అప్పటికప్పుడు అల్లిన ఒక సంస్థ పేరో చేరింది. అసలు దుకాణాల పేర్లు 'ప్రతులకు' (పుస్తకం దొరికే చోట్లు) అన్న శీర్షిక కిందికి దిగాయి. ఈ క్రమంలో పోయినది పెట్టుబడి ఒక్కటే కాదు, పుస్తకాన్ని వద్దనగలిగే మనిషి కూడా పోయాడు. పదిహేను కథల్లో నాలుగు తీసేయమని, నవల నడుమ వంద పేజీలు బరువయ్యాయని చెప్పే సంపాదకుడు లేకుండా మన తొలి పుస్తకాలు చాలా వెలువడ్డాయి.

ప్రభుత్వాలు కూడా ఈ ఒరవడినే బలపరిచాయి. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీని 1983లో రద్దు చేసి, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం స్థాపించారు. విశ్వవిద్యాలయం ఇచ్చిన ముద్రణ సహాయమైనా, తిరుమల తిరుపతి దేవస్థానం ధార్మిక గ్రంథాలకు ఇచ్చిన సహాయమైనా రాతప్రతి పట్టుకుని దరఖాస్తు చేసుకున్న రచయితకే అందింది. ఉద్దేశం మంచిదే కానీ, అచ్చు వేయించుకోవడం రచయిత పూచీయేనన్న భావన దానితో మరింత స్థిరపడింది.

ఇక గ్రంథాలయాలు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సే జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆధారం. ఆ డబ్బుతో జరిగే కొనుగోలు ఒకప్పుడు ప్రచురణకర్తకు కనీస భరోసా. పుస్తకం మీది ధరతో నిమిత్తం లేకుండా పేజీల లెక్కన చెల్లించే పద్ధతి వల్ల నాసిరకం కాగితం మీద పెద్ద అక్షరాలతో పేజీలు పెంచిన పుస్తకాలూ వచ్చాయన్నది వేరే సంగతి. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయాలకు సకాలంలో జమచేయకపోవడం పాత జబ్బు. రాష్ట్ర విభజన తర్వాత కొనుగోళ్ళు ఏళ్ళ తరబడి నిలిచిపోయాయన్నది రెండు రాష్ట్రాల ప్రచురణకర్తల ఫిర్యాదు. కొత్త రచయితల పుస్తకాలు వేయలేకపోవడానికి వారు మొదట చెప్పే కారణం ఇదే, అందులో న్యాయం ఉంది.

ఈ నేపథ్యంలోనే ఇటీవలి సంవత్సరాల్లో కొత్త ప్రచురణ సంస్థలు పుట్టుకొచ్చాయి. యువ రచయితలను వెతికి, చూడముచ్చటైన ముఖచిత్రాలు వేయించి, ముందస్తు ఆర్డర్లు తీసుకుని, అమెజాన్‌లో పెట్టి, ప్రదర్శనల్లో స్టాళ్ళు తెరిచి మొదటి పుస్తకానికి ఒక సందడి తెచ్చినది వారే. సొంత డబ్బు పెట్టి, లెక్క చూపి రాయల్టీ ఇచ్చేవారు వారిలో ఉన్నారు. అంతకు ముందు కూడా, 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థలు తామే ఎంచుకుని తామే ఖర్చు భరించే పద్ధతిని వదులుకోలేదు. 1990ల చివర్లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా నిర్వహించిన నవలల పోటీ కూడా పాత వారపత్రికల పని కొంత చేసింది. తగాదా వీరందరితో కాదు.

కొత్త రచయితల వాదన వినదగినది. డబ్బు అడగడం ఒక్కటే తమ ఆక్షేపణ కాదని వారంటున్నారు. ఈమాట వంటి వెబ్ పత్రికల్లోనో ఆదివారం అనుబంధాల్లోనో కొన్ని కథలు అచ్చయ్యాక పుస్తకం వేద్దామన్న ఫోను వస్తుంది. సంస్థ పేరు చూసి, తన రచనను ఎవరో చదివి ఎంచుకున్నారని రచయిత సంబరపడతాడు. ఆ తర్వాత వచ్చే అంచనాలో టైపింగు, ప్రూఫులు, ముఖచిత్రం, ముద్రణ, ఆవిష్కరణ సభ అన్నీ పద్దులుగా ఉంటాయి. నేరుగా డబ్బు అడగనిచోట, రెండు మూడు వందల ప్రతులు రచయితే కొనుక్కోవాలన్న షరతు ఉంటుంది. ప్రతుల మీద ప్రచురణ సంస్థ పేరు, హక్కుల మీద కూడా ఒక్కోసారి దాని పేరే, నష్టం మీద మాత్రం రచయిత పేరు. సొంతంగా వేసుకున్న పాతకాలపు రచయిత ఆ సంగతి రెండో పేజీలో దాచకుండా చెప్పుకున్నాడు. ఇప్పుడు డబ్బు పెట్టిన రచయితా, ఎంపికైన రచయితా పాఠకుడి కంటికి ఒకేలా కనిపిస్తున్నారు. తమకు అవమానంగా ఉన్నది ఈ కలగాపులగమేనని, రాతప్రతిని ఎవరు చదివారో, ఏమి దిద్దారో అడిగితే జవాబు రావడం లేదని వారు చెబుతున్నారు. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ) సంఖ్యకు కూడా అంచనాలో ఒక పద్దు కనిపించినప్పుడు, అడగక ఊరుకోవడం కష్టమే.

ప్రచురణకర్తల జవాబు క్లుప్తంగా ఇది: కొత్త పేరుతో వచ్చిన పుస్తకం ఎక్కువగా అమ్ముడయ్యేది రచయిత బంధుమిత్రులకే కనుక, ఆ ప్రతులేవో ఆయనే ముందు తీసుకుంటే తక్కినవి అమ్మే భారం తాము మోస్తామంటున్నారు. కాగితం ధర, ప్రదర్శనల్లో స్టాలు అద్దె, దుకాణాల దగ్గర నిలిచిపోయిన బాకీలు కూడా వారు గుర్తుచేస్తారు.

ఈ వాదనల నడుమ మరుగున పడినది చట్టం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఏ హక్కులో, ఎంత కాలమో, ఏ ప్రాంతానికో, రాయల్టీ ఎంతో అందులో రాసి ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టమే తేల్చింది. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దానిని వినియోగించకపోతే, ఒప్పందంలో మరోలా లేనప్పుడు, ఆ హక్కు రచయితకే తిరిగి వస్తుంది. తెలుగులో తొలి పుస్తకాలు ఎన్నో ఫోను మాటల మీద, వాట్సాప్ సందేశాల మీద నడుస్తున్నాయి కనుక, ఈ నిబంధనలు రచయితను కాపాడేవని చాలామంది రచయితలకే తెలియదు.

డిజిటల్ ముద్రణ ఈ చిక్కుకు మరో ముడి వేసింది. వెయ్యి ప్రతులు ఒకేసారి వేసే రోజుల్లో రెండో పేజీలో 'ప్రథమ ముద్రణ' పక్కన 'ప్రతులు: 1000' అని ఉండేది. యాభయ్యో వందో ప్రతులు కావలసినప్పుడల్లా వేసుకునే వీలు వచ్చాక చాలా పుస్తకాల్లో ఆ సంఖ్య కనిపించడం మానేసింది. మళ్ళీ మళ్ళీ ముద్రణకు వెళ్ళిందని ప్రకటించిన పుస్తకం మొత్తం ఎన్ని ప్రతులో, ధరలో పది శాతం రాయల్టీ ఎన్ని ప్రతుల మీద కట్టాలో రచయిత లెక్క వేసుకోవాలంటే, ఆ అంకె అచ్చు వేసినవారి దగ్గర తప్ప మరెక్కడా లేదు.