సిస్టిక్ ఫైబ్రోసిస్: 23 మ్యుటేషన్ల జాబితా మన పిల్లలకు ఎందుకు చాలదు

పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలతో చేసే పరీక్షల ప్యాకేజీల్లో ‘జీన్ టెస్ట్’ అన్న మాట చేరాక మ్యుటేషన్ల (జన్యువులోని మార్పుల) జాబితా చూస్తే చాలా, చెమట పరీక్ష కూడా కావాలా అన్న పాత పేచీ మళ్లీ రాజుకుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటే ఊపిరితిత్తుల్లో, జీర్ణ వ్యవస్థలో జిగురు చిక్కబడే వంశపారంపర్య జబ్బు; తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన జన్యువు ప్రతులు రెండూ చెడితే వస్తుంది. వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో పురుడైన తల్లి చేతికి ‘సిస్టిక్ ఫైబ్రోసిస్ మ్యుటేషన్లు కనిపించలేదు’ అన్న రిపోర్టు వస్తే, బిడ్డకు ఆ జబ్బు లేనట్టేనా?

ఈ జబ్బుకు కారణమైన జన్యువు 1989లో దొరికింది. చిక్కుముడి ఆ తర్వాత పడింది. మొదటి పరీక్షలో రక్తంలోని ట్రిప్సినోజెన్‌ను, అంటే క్లోమంలో తయారయ్యే ఒక పదార్థాన్ని, కొలుస్తారు; జబ్బుంటే అది పెరుగుతుంది. నెలలు నిండకుండా పుట్టిన, కాన్పులో నలిగిన పిల్లల్లోనూ అది ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఉత్తి కంగారులే ఎక్కువ. వాటిని తగ్గించడానికి 1990ల తొలినాళ్లలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో అదే కార్డు మీద ఎఫ్508డెల్ అనే ఒక్క మ్యుటేషన్ కోసం వెతికారు. 2001లో అమెరికా వైద్య జన్యుశాస్త్ర నిపుణుల సంఘం 25 మ్యుటేషన్ల జాబితా ఇచ్చింది, 2004లో దాన్ని 23కి కుదించింది. అమెరికా రోగుల్లో కనీసం 0.1 శాతం కనిపించాలన్నదే అందులో చేరడానికి కొలబద్ద. తేడా అంతా ఇక్కడే వచ్చింది. మన రోగులను ఆ కొలబద్దతో కొలవలేదు.

ఉత్తర ఐరోపా మూలాల రోగుల్లో చెడిన జన్యువుల్లో సుమారు 70 శాతం ఎఫ్508డెల్‌వే. భారతీయ రోగుల్లో 19 నుంచి 44 శాతమే. 30 అనుకుని లెక్కేస్తే, జబ్బున్న ప్రతి 100 మంది పిల్లల్లో 49 మందికి రెండు ప్రతుల్లో ఒక్కదానిలోనూ అది ఉండదు. అక్కడ ఈ లెక్క 9 మాత్రమే. మేనరికం ఇళ్లలో ఒకే అరుదైన మ్యుటేషన్ తల్లి నుంచీ తండ్రి నుంచీ రావచ్చు కాబట్టి మన లెక్క ఇంకొంచెం పెరుగుతుంది. జాబితాలోని మిగతావి కొందరిని పట్టుకున్నా, ఒక్కటీ దొరకకపోతే ఫైలు మూసేయడమే ఆ పద్ధతి.

డీఎన్ఏ వేడికి త్వరగా చెడదని, ఒకే కార్డుతో పని అవుతుందని ల్యాబులు అంటాయి. అది నిజమే. ట్రిప్సినోజెన్ వేడికీ తేమకూ తరిగిపోతుంది. మే నెలలో కొరియర్ డబ్బాలో రెండు రోజులు మగ్గిన కార్డు జబ్బున్న బిడ్డను మామూలు బిడ్డగా చూపించవచ్చు. అందుకే నమూనా దగ్గరే జాగ్రత్త కావాలి: పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య రక్తం తీయాలి, మడమ పిండకూడదు, కార్డును నీడలో పరచి మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి, తడిగా కవర్లో పెట్టకూడదు. తొలి మలం గట్టిపడి పేగు మూసుకుపోయిన బిడ్డలో ట్రిప్సినోజెన్ అంకె తక్కువగా రావచ్చు, అక్కడ రిపోర్టును నమ్మరాదు.

అంకె ఎక్కువొస్తే రెండో వారంలో ఇంకో నమూనా తీయాలి. రెండు నెలలు దాటితే ఆ పరీక్ష పనికిరాదు. రెండోసారీ ఎక్కువే ఉంటే, జాబితా ఏం చెప్పినా చెమట పరీక్ష చేయించాలి. ముంజేతి మీద పైలోకార్పిన్‌తో చెమట పట్టించి అరగంట సేకరిస్తారు. గొట్టంలో 15 మైక్రోలీటర్లు రాకపోతే లెక్కలోకి రాదు, మళ్లీ చేయాలి. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ గానీ ఆపైన గానీ ఉంటే జబ్బు ఉన్నట్టే, 30 నుంచి 59 అయితే అనుమానం. జన్యువు మొత్తాన్ని చదివించాల్సింది అప్పుడు.

పిల్లల్లో జబ్బులను ముందే పట్టుకోవడానికి 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ జబ్బు లేదు. కాబట్టి ఈ మెట్లన్నీ ఇంటివాళ్లే అడిగి ఎక్కాలి. ముద్దు పెడితే ఉప్పగా తగిలే బిడ్డ, వేసవిలో వాంతులు పెద్దగా లేకుండానే సోడియం, క్లోరైడ్ పడిపోయి సొమ్మసిల్లే బిడ్డ వస్తే, చేతిలో ‘నెగెటివ్’ కాగితం ఉన్నా చెమట పరీక్ష రాయాల్సిందే.